పాత డీజిల్ పికప్‌కి మిస్సింగ్: పంపు దించకముందే ఏ సిలిండరో తేల్చుకో

తమ్ముడూ, నువ్వు చెప్పినదాంట్లో నాకు పనికొచ్చే ముక్కలు ఇవి. 2008 మోడల్ డీఐ (డైరెక్ట్ ఇంజెక్షన్, డీజిల్ నేరుగా సిలిండరులోకే చిమ్మే రకం) పికప్, నాలుగు సిలిండర్లు, మీ నాన్నగారి చేతి నుంచి నీ చేతికొచ్చింది, మీటరు 3 లక్షల 10 వేలు దాటింది. తెల్లారి చాలాసేపు సెల్ఫ్ కొడితేగాని అందుకోదు. అందుకున్నాక ఐదు నిమిషాలు కళ్లు మండించే తెల్ల పొగ, స్లోలో, అంటే యాక్సిలరేటర్ తొక్కకుండా ఉన్నప్పుడు, బండంతా వణుకు. వేడెక్కాక కొంత సర్దుకుంటుంది, లోడు మీద మాత్రం గుంజదు. డీజిల్ ఫిల్టరూ, సిలిండర్లలోకి డీజిల్ చిమ్మే నాలుగు నాజిళ్లూ మార్పించావు. పొగ తగ్గలేదు సరికదా, ఇంజన్ దగ్గర ‘చస్ చస్’ మని సన్నటి చప్పుడు కొత్తగా మొదలైంది. ఇప్పుడు మెకానిక్, నాజిళ్లకి డీజిల్ తోసే పంపు దించాలంటున్నాడు. దించమనాలా వద్దా అన్నది నీ ప్రశ్న.

వద్దు. ఇప్పుడే వద్దు.

నాకు అనిపిస్తున్నది చెప్తాను. నీ బండికిప్పుడు జబ్బులు రెండున్నాయి. ఒకటి పాతది, అదేంటో ఇంకా ఎవరూ చూడలేదు. రెండోది నాజిళ్లు మార్చినప్పుడు వచ్చి చేరింది. కొత్త సామాను వేశాం కాబట్టి అక్కడ తప్పుండదు అనుకుని మీ మెకానిక్ ముందుకు, పంపు దగ్గరికి వెళ్లిపోయాడు. ఆయన్ని తప్పుపట్టడం లేదు. ఇరవై ఆరేళ్లుగా డీజిల్ బండ్ల కిందే పడుకుంటున్నాను, ఆ పొరపాటు నేనూ చేశాను. ఒకసారి కాదు.

మిస్సింగంటే ఏదో సిలిండరు సరిగ్గా మండకపోవడం. దాన్ని ముందు లెక్కలో చూడు. స్లోలో ఇంజన్ నిమిషానికి 750 చుట్లు తిరుగుతుందనుకుందాం. ఒక్కో సిలిండరు రెండు చుట్లకి ఒకసారి మండుతుంది, అంటే సెకనుకి ఆరుసార్ల పైచిలుకు. నాలుగూ కలిస్తే 25. అందులో ఒకటి చచ్చిందంటే సెకనుకి ఆరుసార్లు ఇంజన్ తడబడుతుంది. నీ బండి వణుకు ఆ తాళంలో, విడవకుండా ఉంటే ఒకే సిలిండరు మీద అనుమానం పెట్టుకో. ఉండుండి, తాళం లేకుండా, ఒకసారి వచ్చి ఒకసారి పోతుంటే అది డీజిల్‌లో గాలి గానీ నీళ్లు గానీ. ఎంత వణికినా సైలెన్సర్ మోత మాత్రం సమంగానే ఉందా? అప్పుడది మిస్సింగే కాదు, ఇంజన్ మౌంటింగ్ రబ్బర్లు తెగుంటాయి. నవ్వకు. మౌంటింగులు తెగిన బండికి నాజిళ్లు మార్చి పంపినవాళ్లని చూశాను.

చెవికి తెలియకపోతే సైలెన్సర్ మూతికి అర జానెడు దూరంలో ఒక కాగితం పట్టుకో. మంచి ఇంజనైతే కాగితం సమంగా బయటికే కొట్టుకుంటుంది. ఒక సిలిండరు మండకపోతే మధ్యలో ఒక దెబ్బ తప్పిపోతుంది. కాగితం మధ్యమధ్య లోపలికి లాక్కున్నట్టయితే ఎగ్జాస్ట్ వాల్వు సరిగ్గా మూసుకోవడం లేదేమో అని నేను అనుమానిస్తాను. మా గురువు దీన్ని బీడీ కట్ట మీది కాగితంతో చేసేవాడు.

ఇక ఏ సిలిండరన్నది. నీది 2008 డీఐ అంటున్నావు కాబట్టి మామూలు మెకానికల్ పంపే ఉండాలి. అయినా బానెట్ ఎత్తి చూసుకో. పంపు నుంచి నాలుగు సన్నటి ఇనుప పైపులు నేరుగా నాలుగు నాజిళ్లకి వెళ్తుంటే ఇప్పుడు చెప్పబోయేది చెయ్యి. మధ్యలో ఒక లావుపాటి గొట్టం అడ్డంగా ఉండి, పైపులన్నీ అందులోంచి బయల్దేరి, నాజిళ్ల నెత్తిన కరెంటు కనెక్టర్లు ఉంటే అది కామన్ రైల్. దాని పైపు ఇంజన్ నడుస్తుండగా వదులు చేశావా, వెయ్యి బార్ల ఒత్తిడి పైదాకా వెళ్లగల డీజిల్ చర్మాన్ని కోసుకుని లోపలికి పోతుంది. దాని జోలికి పోకు, స్కానర్ ఉన్నచోటికి తీసుకెళ్లు. 2017 ఏప్రిల్‌లో దేశమంతా బీఎస్ 4 పొగ నిబంధనలు వచ్చాక కొత్త పికప్పులు ఆ దారే పట్టాయి. అలవాటు కొద్దీ వాటికీ స్పానర్ పెట్టేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు, అందుకే చెప్తున్నా.

మెకానికల్ పంపు అని తేలితే పొద్దున్నే, ఇంజన్ చల్లగా ఉండగా, పొగ వస్తున్న ఆ ఐదు నిమిషాల్లోనే పరీక్ష చెయ్యి. వేడెక్కాక చేస్తే దొంగ దొరకడు. కళ్లద్దాలు పెట్టుకో. 17 గానీ 19 గానీ ఏది సరిపోతే ఆ స్పానర్‌తో, నాజిల్ వైపున్న పైపు నట్టు అర చుట్టు వదులు చెయ్యి, దాని మీద గుడ్డ ముక్క కప్పు. ఆ సిలిండరుకి డీజిల్ ఆగిపోతుంది. ఇంజన్ మోత మారి, చప్పున పడిపోయిందంటే ఆ సిలిండరు ఇప్పటిదాకా పనిచేస్తున్నట్టే. బిగించేసి పక్కదానికి వెళ్లు. ఏ నట్టు వదిలితే మోతలో తేడా రాలేదో అదే చచ్చిన సిలిండరు. వదలగానే తెల్ల పొగ తగ్గితే ఇంకా ఖాయం, ఎందుకంటే ఆ పొగ అక్కడ మండకుండా బయటికొస్తున్న పచ్చి డీజిలే. గేరు బాక్స్ వైపు నుంచా, ఫ్యాన్ వైపు నుంచా ఎక్కడ ఒకటి మొదలవుతుందో చూసి కాగితం మీద రాసుకో. మామూలుగా ఫ్యాన్ వైపుదే ఒకటి.

స్పానర్ పట్టడానికి భయమైతే ఇంకో దారి. రాత్రంతా ఆగిన బండిని స్టార్ట్ చేసి, నిమిషం లోపలే ఎగ్జాస్ట్ మానిఫోల్డు మీద ఒక్కో సిలిండరు మూతి దగ్గర నాలుగు చుక్కల నీళ్లు చిలకరించు. మూడు చోట్ల త్వరగా ఆవిరైపోతాయి, చచ్చినదాని దగ్గర నీళ్లు నీళ్లలాగే జారతాయి. వేడి చూపించే గన్ ఉంటే ఇంకా మేలు. కరోనా రోజుల్లో నుదుటికి పెట్టిన గన్ కాదు, అది జ్వరం వరకే చూపిస్తుంది.

సిలిండరు తేలిందా, అప్పుడు నీ ‘చస్ చస్’ దగ్గరికి వద్దాం. నాకు అన్నిటికన్నా ఎక్కువ అనుమానం ఉన్నది ఇక్కడే.

నాజిల్ హోల్డరు కింద హెడ్డులో ఒక రాగి వాషరు కూర్చుంటుంది. లోపలి కంప్రెషన్, అంటే పిస్టన్ నొక్కిన గాలి ఒత్తిడి, బయటికి రాకుండా ఆపేది ఆ చిన్న ముక్కే. పాత వాషర్నే తిరగేసి వేసినా, కింద మసి గీకకుండా కొత్తది వేసినా, నాజిల్ పట్టుకునే క్లాంపు బోల్టుల్లో ఒకటి ఎక్కువ ఒకటి తక్కువ బిగించినా గాలి ఆ సందులోంచి తన్నుకొస్తుంది. ఆ శబ్దమే నువ్వు వింటున్నది. కంప్రెషన్ పోయిన సిలిండరు చల్లటి ఇంజన్‌లో మండదు. ఒకవైపే బిగిసిన క్లాంపు ఇంకో అన్యాయం కూడా చేస్తుంది. నాజిల్ కొద్దిగా వంగి లోపలి సూది ఇరుక్కుంటుంది. టెస్టింగ్ బల్ల మీద బంగారంలా పనిచేసిన నాజిల్ బండిలో మొండికేసిందంటే చాలాసార్లు కథ ఇదే.

పరీక్ష తేలిక. నాజిళ్ల మొదట్లో తారులా నల్లటి తడి మసి ఏమైనా పేరుకుందా చూడు. లేకపోతే ఇంజన్ స్లోలో ఉంచి నాజిల్ చుట్టూ కాస్త ఇంజన్ ఆయిల్ పొయ్యి. బుడగలు లేస్తే దొరికినట్టే.

దీనికి ఒక అన్న లాంటి తప్పుంది, అది ఇంకా మోసం చేస్తుంది. పాత వాషరు హెడ్డు గుంటలోనే అంటుకుపోయి ఉంటుంది. నాజిల్ లాగినప్పుడు దాంతో పైకి రాదు, ఎవరూ చూడరు, దానిమీదే కొత్తది వేసేస్తారు. రెండు వాషర్లయ్యాక నాజిల్ మూతి ఉండాల్సినదానికన్నా మిల్లీమీటరున్నర పైకి ఉండిపోతుంది. డీజిల్ పిస్టన్ గిన్నెలో పడాల్సిన చోట పడదు, పొగ పోదు, లాగడం పడిపోతుంది. లీకు మాత్రం కనిపించదు. అందుకే నాజిల్ తీసినప్పుడల్లా టార్చి వేసి గుంటలోకి చూడాలి. కొక్కెంలా వంచిన తీగతో గోకి చూడాలి. నాలుగు నాజిళ్లు తీస్తే నాలుగు వాషర్లు బల్ల మీదికి రావాలి. మూడే వచ్చాయంటే నాలుగోది ఎక్కడుందో నీకు తెలుసు.

కాబట్టి చచ్చిన సిలిండరు నాజిల్ తీయించి వాషర్లు లెక్కపెట్టించు. పనిలో పనిగా ఆ నాజిల్‌ని పక్క మంచి సిలిండరుకి, దాన్ని ఇక్కడికి మార్పించు. కొత్త వాషర్లు వెయ్యమను. ఆదివారం పూట కొత్తవి దొరక్కపోతే పాతవాటిని ఎర్రగా కాల్చి నీళ్లలో ముంచితే రాగి మెత్తబడుతుంది, మళ్లీ కూర్చుంటుంది. మరుసటి పొద్దున మళ్లీ పైపులు వదిలి చూడు. మిస్సింగ్ నాజిల్‌తో పాటు పక్క సిలిండరుకి వెళ్లిందా, కొత్తదైనా సరే తప్పు ఆ నాజిల్‌దే. టెస్టింగ్ బల్ల మీద పెట్టిస్తే తెలుస్తుంది. మాన్యువల్‌లో రాసిన ప్రెషర్‌కి తెరుచుకోవాలి, ఇలాంటి డీఐలకి అది 200 బార్ చుట్టుపక్కలో ఆ పైనో ఉంటుంది. ‘కర్‌ర్’ మని పలకాలి, ప్రతి రంధ్రం నుంచీ మంచు పొగలా రావాలి, ఆగాక మూతి దగ్గర చుక్క నిలవకూడదు. బల్ల దగ్గర నిలబడితే చెయ్యి మాత్రం ముందు పెట్టకు. ఆ తుంపర చర్మంలోకి దిగుతుంది. పైకి సూది పోటులా కనిపిస్తుంది, లోపల వేలే పోయే ప్రమాదం. పొరపాటున తగిలితే కడుక్కుని ఊరుకోవడం కాదు, ఆస్పత్రికి పరుగెత్తాలి.

మిస్సింగ్ కదలకుండా అదే సిలిండరులో ఉండిపోయిందా? అప్పుడు నాజిల్ మంచిదే, నీ పాత జబ్బు బయటపడుతుంది. ఇక్కడ ఇద్దరే ముద్దాయిలు. ఒకటి కంప్రెషన్, రెండోది ఆ సిలిండరుకి డీజిల్ తెచ్చే దారి.

ముందు ట్యాపెట్లు, అంటే వాల్వులకీ వాటిని నొక్కే భాగాలకీ మధ్య గ్యాపు, చూపించు, అన్నిటికంటే చవక పని. టకటకలాడే ట్యాపెట్టుని అందరూ తిడతారు గానీ, నాకు భయం చప్పుడే చెయ్యనిదంటే. వాల్వు సీటు అరిగేకొద్దీ గ్యాపు తగ్గిపోతుంది. చివరికి వాల్వు పూర్తిగా మూసుకోదు, ఆ సందులోంచి కంప్రెషన్ జారిపోతుంది, కొన్నాళ్లకి వాల్వు కాలిపోతుంది. మంటల వరస 1-3-4-2 కాబట్టి నాలుగోదాని రెండు వాల్వులూ ఊగుతున్నప్పుడు ఒకటోదాన్ని సెట్ చెయ్యాలి, ఒకటోది ఊగితే నాలుగోదాన్ని. రెండు, మూడు కూడా అలాగే జంట. గ్యాపు ఎంతన్నది, చల్లగా చూడాలా వేడిగా చూడాలా అన్నది మీ ఇంజన్ మాన్యువల్ చూసి పెట్టమను, నోటి లెక్క వద్దు.

తర్వాత కంప్రెషన్ గేజి. బ్యాటరీ ఫుల్లుగా ఉండాలి, నాలుగు నాజిళ్లూ తీసెయ్యాలి, పంపు నుంచి డీజిల్ రాకుండా కట్ చెయ్యాలి. మంచి డీఐ ఇంజన్ 350 నుంచి 400 పీఎస్‌ఐ దాకా చూపిస్తుంది. నీ బండి వయసుకి అంకె కాస్త తక్కువున్నా నాకు బాధలేదు, నాలుగూ దగ్గరదగ్గరగా ఉంటే చాలు. మూడు 340 చూపించి ఒకటి 240 అంటే మాట్లాడాల్సిందేమీ లేదు. పక్కపక్కనున్న రెండు సిలిండర్లు కలిసి తగ్గాయంటే ఆ రెండింటి మధ్య హెడ్ గ్యాస్కెట్ కాలినట్టు. అలాంటిది ఉంటే చల్లటి ఇంజన్‌కి రేడియేటర్ మూత తీసి స్టార్ట్ చేసినప్పుడు ఒక్కోసారి బుడగలు కనిపిస్తాయి. ఒక్కటే తగ్గితే వాల్వో పిస్టన్ రింగులో. పెట్రోలు బండికి చేసినట్టు చెంచాలు చెంచాలు ఆయిల్ పోసి చూసేవాళ్లుంటారు. డీజిల్ ఇంజన్‌లో పైన మిగిలే చోటు చాలా కొంచెం, ఆయిల్ ఎక్కువైతే కనెక్టింగ్ రాడ్డే వంగుతుంది. దానికి ఒప్పుకోకు. ఆయిల్ పోసే మూత తీసి, ఇంజన్ నడుస్తుండగా తిరగేసి పెట్టు. మూత గంతులేస్తూ, లోపలి నుంచి ఆవిరి బుస్సుమంటుంటే రింగులు అరిగినట్టే.

ఇన్ని చెప్పాక పంపు సంగతి. మీ మెకానిక్ పంపంటే నేనెందుకు ఒప్పుకోలేదంటే, నీ లక్షణాలు తలకిందులుగా ఉన్నాయి. పంపు అరిగితే బాధ వేడి మీద తెలుస్తుంది. వేడెక్కిన డీజిల్ పల్చబడి అరిగిన సందుల్లోంచి జారిపోతుంది, పొద్దున బాగానే అందుకున్న బండి మధ్యాహ్నం టీ తాగి వచ్చేసరికి అందుకోదు. పంపు మీద తడి గుడ్డ కప్పి పది నిమిషాలు ఆగితే స్టార్ట్ అవుతుంది. చన్నీళ్లు మాత్రం నేరుగా పోయకూడదు, పట్టేస్తుంది. నీదేమో పొద్దున చెడ్డగా ఉండి వేడెక్కాక సర్దుకుంటోంది.

ఇంకోటి, పంపు ఏ రకమో చూడు. పైపులు వరసగా, నిలబడ్డ పిల్లల్లా ఉంటే ఇన్‌లైన్. అందులో ఒక్కో సిలిండరుకి డీజిల్ తోసే ఎలిమెంట్ ఒక్కోటి, కాబట్టి ఒకటి పాడై ఒక సిలిండరే చావడం జరుగుతుంది. పైపులన్నీ ఒకే గుండ్రటి తల నుంచి వస్తుంటే రోటరీ. అందులో డీజిల్‌ని తోసే ఒకే ప్లంజరు నలుగురికీ వడ్డిస్తుంది. వడ్డించేవాడికి జబ్బు చేస్తే పంక్తిలో ఒక్కడే పస్తుండడు. రోటరీలో ఒకే సిలిండరు పోతే నేను చూసేది పైపు బయల్దేరే చోట ఉండే డెలివరీ వాల్వు. దాన్ని పంపు దించకుండానే, బండి మీదే విప్పి చూడొచ్చు. పంపుని దాని కంపెనీ పేరుతో మైకో అనో బాష్ అనో, మా వాళ్లు ఏ పేరుతో పిలిచినా ఇదే లెక్క. కంపెనీ పేరు 2008లోనే బాష్ అయినా మా షెడ్లలో అది ఇంకా మైకో పంపే.

నీ బాధలో మిగిలింది రెండు: పొద్దున్నే చాలాసేపు సెల్ఫ్ కొట్టాల్సి రావడం, లోడు మీద గుంజకపోవడం. ఇవి చచ్చిన సిలిండరు వల్లే కావచ్చు. కాకపోవచ్చు కూడా. సెల్ఫ్ కొడుతుండగానే సైలెన్సర్ నుంచి తెల్ల పొగ వస్తోందా? వస్తుంటే డీజిల్ అందుతోంది, మండడం లేదు, పైన చెప్పినదంతా నీకే. అసలు పొగే లేకుండా ఉత్తినే తిరిగి, తర్వాత ఒక్కసారిగా అందుకుంటుంటే రాత్రంతా డీజిల్ వెనక్కి, ట్యాంకులోకి జారిపోతోంది. ట్యాంకు నుంచి, డీజిల్‌ని పీల్చే ఫీడ్ పంపు దాకా ఉన్న రబ్బరు పైపులు పదిహేనేళ్లకి పగుళ్లిస్తాయి. తమాషా ఏంటంటే అక్కడ డీజిల్ కారదు, గాలి మాత్రం లోపలికి పోతుంది, ఎందుకంటే అది పీల్చే వైపు. ఫిల్టరుకి ముందు మూరెడు పారదర్శకంగా ఉండే పైపు ముక్క తాత్కాలికంగా పెట్టిస్తే బుడగలు కళ్లకే కనిపిస్తాయి.

లోడు సంగతికి ఒకటి చెప్తాను. మదనపల్లె టమాటా మండీకి తిరిగే పికప్ ఒకటి నా దగ్గరికొచ్చింది. తిరుపతి నుంచి తవుడు బస్తాలు వేసుకుని వస్తూ భాకరాపేట ఘాట్ ఎక్కేటప్పుడల్లా తడబడి ఆగిపోయేది. డ్రైవరు దిగి, మొహం కడుక్కుని, పది నిమిషాలకి స్టార్ట్ చేస్తే ఏమీ జరగనట్టు పోయేది. అప్పటికే ఇద్దరు మెకానిక్‌లు ఫీడ్ పంపూ ఫిల్టర్లూ మార్చారు. నేనూ ఒకరోజంతా నాజిళ్లు విప్పుకుంటూ కూర్చున్నాను, సిగ్గులేకుండా చెప్తున్నా. చివరికి ట్యాంకు దించితే అడుగున అరచేతంత గోనె పీలిక. ఎప్పుడో క్యాను మూతికి చుట్టింది లోపల పడింది. ఇంజన్ గట్టిగా పీల్చినప్పుడు వెళ్లి పైపు మూతికి అతుక్కునేది, ఆపగానే ఊడి పక్కకి పోయేది. నీ బండిది అదే అనడం లేదు. కానీ లోడు మీద గుంజకపోతే ట్యాంకు మూత వదులు చేసి ఒక ట్రిప్పు తిప్పి చూడు. మూతలోని గాలి రంధ్రం మూసుకుపోయినా ఇదే లక్షణం, ఖర్చు సున్నా.

ఒక హెచ్చరిక, వాయిదా వెయ్యొద్దు. ఇప్పుడే వెళ్లి ఇంజన్ ఆయిల్ పుల్ల తీసి చూడు. మట్టం పెరిగిందా, వాసన డీజిల్‌లా ఉందా? మండని డీజిల్ సిలిండరు గోడల్ని కడుగుతూ కిందికి దిగి ఆయిల్‌లో కలుస్తుంది. పల్చబడ్డ ఆయిల్‌తో నెల తిప్పితే నాజిల్ ఖర్చుతో పోయేది క్రాంక్ దాకా వస్తుంది. మట్టం పెరిగుంటే ఆయిల్ మార్పించేదాకా లోడు ఎత్తొద్దు.

ఇవన్నీ చేశాక కూడా నాజిల్ మార్చినా కదలక, కంప్రెషన్ నాలుగూ సమంగా ఉండి, ట్యాపెట్లు సరిగ్గా ఉండి, అదే సిలిండరు మొండికేస్తే అప్పుడు పంపు దించమను, నేనూ అదే అంటాను. దించేముందు పంపు ఫ్లాంజి మీదా ఇంజన్ మీదా కలిసేలా ఉలితో ఒక గీత పెట్టమను, గేర్ల మీది మార్కులు ఫోటో తీసుకో. టైమింగ్ ఒక్క పన్ను వెనక్కి పడినా పొద్దున తెల్ల పొగ మళ్లీ వస్తుంది, ఈసారి నాలుగు సిలిండర్ల నుంచీ. నాకు చెప్పాల్సింది మూడే: ఏ నంబరు సిలిండరు, నాజిల్ మారిస్తే మిస్సింగ్ కదిలిందా లేదా, వాషర్లు ఎన్ని బయటికొచ్చాయి.